పీల్చాలి... బాదకూడదు

తివాచీ కొన్న రోజున దుకాణదారు ఒక హెచ్చరిక చేస్తాడు. "వాక్యూమ్ క్లీనర్ మాత్రం పెట్టకండి సార్, బొచ్చంతా ఊడొస్తుంది." రెండు వీధుల అవతల ఇంకో దుకాణంలో అదే మాట అడిగితే, "వారానికి ఒక్కసారన్నా వాక్యూమ్ పెట్టుకోండమ్మా, లేకపోతే మట్టి తినేస్తుంది" అంటారు. కొన్నవాళ్లకి ఏం చెయ్యాలో పాలుపోదు. కొందరు భయపడి ఏళ్ల తరబడి పైపైన చీపురుతో ఊడ్చి వదిలేస్తారు. ఇంకొందరు కొత్తగా కొన్న కార్డ్‌లెస్ యంత్రాన్ని టైల్స్ మీద తిప్పినట్టే తివాచీ మీదా తిప్పేసి, అంచు కుచ్చులు సగం పోయాక దుకాణం వాణ్ని తిట్టుకుంటారు.

ఆ ఇద్దరు దుకాణదార్లు చెప్పిందీ నిజమే. కాకపోతే వాళ్ల మనసులో ఉన్న యంత్రాలు వేరు. ఒకటి గాలిని పీలుస్తుంది, అంతే. రెండోది పీలుస్తూనే, గిర్రున తిరిగే బ్రష్షుతో తివాచీని బాదుతుంది. నేల మీద ఈ తేడా మనకి తెలియదు. ఊలు మీద, పట్టు మీద, నూలు జంపఖానా మీద మాత్రం తివాచీ పదేళ్లుంటుందా, రెండు తరాలుంటుందా అన్నది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, విశాఖలోనో ఓ మోస్తరు అపార్ట్‌మెంట్‌లో అడుగుపెడితే హాల్లో టీపాయ్ కింద ఏదో ఒకటి పరిచే ఉంటుంది. ఏలూరు ఊలు తివాచీ కావచ్చు, వరంగల్ జంపఖానా కావచ్చు, కశ్మీర్ వెళ్లినప్పుడు బేరమాడి తెచ్చిన పట్టు ముక్క కావచ్చు, ఆన్‌లైన్‌లో వచ్చిన పాలీప్రొపిలీన్ తివాచీ కావచ్చు. ధర వేలల్లో మొదలై లక్షల దాకా పోతుంది. వీటన్నిటినీ ఒకే యంత్రంతో, ఒకే పద్ధతిలో శుభ్రం చెయ్యడం దగ్గరే గొడవంతా మొదలవుతుంది.

అడుగున ఉన్నది ఇసుక

తివాచీ మీద కంటికి కనిపించే దుమ్ము దానికి పెద్దగా హాని చెయ్యదు. కనిపించనిదే చేస్తుంది. వెంట్రుకలు, దారప్పోగులు, మెత్తటి ధూళి పైన తేలుతూ ఉంటాయి. ఇసుక రేణువు బరువుగా ఉంటుంది కాబట్టి బొచ్చు మధ్యలోంచి జారి అడుగుకి, అంటే ముడి ఉన్న చోటికి, చేరుతుంది. అక్కడ చీపురు అందుకోదు. దులిపితే కొంత రాలుతుంది, చాలావరకు ఉండిపోతుంది.

చెప్పులు గుమ్మం బయటే విడిచే ఇళ్లు మనవి. అయినా ఇసుక లోపలికి వస్తూనే ఉంటుంది. బాల్కనీ నుంచి వస్తుంది, పక్కన కడుతున్న భవనం నుంచి గాలికి వస్తుంది, వాకిట్లో రాతిపిండితో వేసిన ముగ్గు తొక్కిన కాళ్లతో వస్తుంది. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద దాని స్థానం 7. మామూలు ఇనుప మేకు కూడా అంత గట్టిది కాదు. ఊలు పోగేమో గొర్రె వెంట్రుక, అంటే మన జుట్టులో ఉండే కెరాటినే. వాడి అంచులున్న రాతి రేణువు పోగు మొదట్లో కూర్చుంటుంది. మనం దాని మీద అడుగు వేసిన ప్రతిసారీ రేణువు కాస్త కదులుతుంది, పోగు కాస్త కోసుకుంటుంది. కొన్నేళ్లకి సోఫా నుంచి టీవీ దాకా మనం నడిచే దారి పొడుగునా బొచ్చు పలచబడి, కింది నూలు పడుగు తెల్లగా బయటపడుతుంది. అప్పుడు వాక్యూమ్ పెడితే తెగిన పోగులన్నీ సంచిలోకి వచ్చేస్తాయి. నేరం మాత్రం యంత్రం మీద పడుతుంది. కోసింది అది కాదు, కోసినదాన్ని పోగుచేసింది అంతే.

ఇక్కడ ఒక చిన్న మినహాయింపు చెప్పాలి. కొత్త ఊలు తివాచీ మొదటి కొన్ని నెలలు వదులు పోగులు వదులుతుంది. బొచ్చు కత్తిరించినప్పుడు లోపల మిగిలిపోయిన పొట్టి ముక్కలు అవి. సంచి నిండిందని కంగారుపడక్కర్లేదు, వాక్యూమ్ మానక్కర్లేదు. రానురాను తగ్గిపోతుంది. తగ్గకపోగా పెరుగుతుంటే ఏదో తేడా ఉందన్నమాట. దాని సంగతికి తరవాత వద్దాం.

నడక, ఇసుక లేకపోతే తివాచీ ఎంతకాలం ఉంటుందో తెలియాలంటే జపాన్ దాకా వెళ్లాలి. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు మచిలీపట్నం రేవులో కోఠీ పెట్టుకుని కోరమాండల్ సరుకు కొనేవారు. పర్షియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఏలూరులో తివాచీలు నేస్తారని ఆ కాలపు రాతల్లో ఉంది. దక్కన్ తివాచీలు కొన్ని డచ్చి ఓడల మీద జపాన్ చేరాయి. క్యోటో నగరంలో ఏటా జూలైలో జరిగే గియోన్ ఉత్సవంలో రథాలకి అలంకారంగా కట్టే పాత తివాచీల్లో దక్కన్‌లో నేసినవి ఉన్నాయని వస్త్ర చరిత్రకారులు గుర్తించారు. వాటిని ఏడాదికోసారి బయటికి తీస్తారు, కడతారు, మళ్లీ దాచేస్తారు. ఎవరూ వాటి మీద నడవరు. అందుకే మన దగ్గర ఆ కాలపువి కనబడడమే గగనమైపోతే, అక్కడ మాత్రం రంగులతో సహా మిగిలాయి.

మన హాల్లో తివాచీ నడవడానికే ఉంది. కాబట్టి ఇసుక తియ్యాల్సిందే. ఎలా తియ్యాలన్నదే ప్రశ్న.

రుమాలు అడ్డం పెట్టుకుని పీల్చిన ఇంజనీరు

వాక్యూమ్ క్లీనర్ చరిత్రలోనే ఈ రెండు దారులూ కనిపిస్తాయి. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు ఒక ప్రదర్శనకి వెళ్లాడు. వంతెనలూ, వియన్నా లాంటి నగరాల్లో జెయింట్ వీల్‌లూ కట్టిన మనిషి. అక్కడ చూపించిన యంత్రం గాలిని ఊది దుమ్ము లేపుతోంది. ఊదే బదులు పీల్చకూడదా అని బూత్ అడిగితే, అది కుదిరే పని కాదని యంత్రం తాలూకు మనిషి కొట్టిపారేశాడు. కొద్దిరోజుల తరవాత బూత్ ఒక రెస్టారెంట్‌లో కుర్చీ వీపు మీద రుమాలు పరిచి, నోరు ఆనించి గట్టిగా గాలి పీల్చాడు. దగ్గొచ్చి ఉక్కిరిబిక్కిరయ్యాడు కానీ రుమాలు అడుగున నల్లటి మరక పడింది. అతని యంత్రం అక్కడ పుట్టింది. పెట్రోలు ఇంజనుతో నడిచే ఆ భారీ యంత్రాన్ని గుర్రపు బండి మీద తెచ్చి వీధిలో నిలబెట్టి, కిటికీల్లోంచి పొడుగాటి గొట్టాలు లోపలికి పంపేవారు. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో తివాచీలు శుభ్రం చేసింది ఈ యంత్రమే. ఇందులో బాదే భాగం లేదు. కేవలం గాలి.

రెండో దారి అమెరికాలో మొదలైంది. ఒహాయో రాష్ట్రం కాంటన్ ఊళ్లో జేమ్స్ స్పాంగ్లర్ అనే ఆయన ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఉబ్బసం మనిషి, దుమ్ము పడేది కాదు. ఫ్యాన్ మోటారు, చీపురు కర్ర, దిండు గలేబు కలిపి ఒక యంత్రం కట్టుకున్నాడు. ముందు భాగంలో తిరిగే బ్రష్షు పెట్టాడు. 1908లో పేటెంటు వచ్చింది. దాన్ని కొన్నది తోలు సరుకు వ్యాపారి విలియం హూవర్. 1926లో హూవర్ కంపెనీ ఆ బ్రష్షు దగ్గర లోహపు కడ్డీ బిగించి, తివాచీని కింద నుంచి అదిలించి ఇసుకని పైకి లేపే ఏర్పాటు చేసింది. అమెరికాలో గోడ నుంచి గోడ దాకా పరిచే కార్పెట్ ఎత్తి దులిపేది కాదు. అలాంటి చోట ఆ కడ్డీ బాగా పనికొచ్చింది. ముడివేసిన తివాచీని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు కాదది.

మనకి చాలాకాలం మొదటి దారే అందింది. స్వీడన్‌కి చెందిన ఎలక్ట్రోలక్స్ 1921లో నేల మీద ఈడ్చుకుంటూ వెళ్లే డబ్బా లాంటి వాక్యూమ్ క్లీనర్ తెచ్చింది. ఆ కంపెనీ భాగస్వామ్యంతోనే 1982లో యురేకా ఫోర్బ్స్ మొదలైంది. టై కట్టుకున్న కుర్రాళ్లు తలుపు తట్టి, మన పరుపు మీదే డెమో ఇచ్చి, లోపలి దుమ్ము చూపించి మనల్ని సిగ్గుపడేలా చేసి అమ్మిన యూరోక్లీన్ తరం అది. డబ్బా, గొట్టం, రకరకాల మూతులు. పీల్చడమే దాని పని. ఆ తరం వాళ్ల ఇళ్లలో తివాచీలు వాక్యూమ్ వల్ల పాడైన దాఖలాలు తక్కువ. పాడైతే బద్ధకం వల్ల పాడయ్యాయి, యంత్రం ఎప్పుడూ అటక మీదే ఉండేది కదా!

ఇప్పుడు పరిస్థితి మారింది. చేత్తో పట్టుకునే కార్డ్‌లెస్ యంత్రాల్లో చాలావాటి ముందు భాగంలో మోటారుతో తిరిగే రోలరు ఉంటుంది. రోబోల పొట్ట కిందా అదే. రెండో దారి మన ఇళ్లలోకి వచ్చింది కానీ దాని జాగ్రత్తలు రాలేదు.

ముందు తిరగేసి చూడండి

యంత్రం ముట్టుకునే ముందు తివాచీ మూల ఎత్తి వీపు చూడాలి. దుకాణంలో 'హ్యాండ్‌మేడ్' అన్న మాటకి అర్థం లేదు, రెండు మూడు రకాల్ని ఆ పేరుతోనే అమ్ముతారు. వీపు అబద్ధం చెప్పదు.

ముందు వైపు ఉన్న పువ్వులూ తీగలూ వెనకా అంతే స్పష్టంగా, చిన్న చిన్న ముడులుగా కనిపిస్తే అది చేత్తో ముడివేసినది. ఏలూరు తంగెళ్లమూడి మగ్గాల మీద నేసే ఊలు తివాచీ ఈ రకం. కశ్మీర్‌దీ, భదోహీ–మీర్జాపూర్ నాణ్యమైన సరుకూ ఈ రకమే. పడుగు దారాలకి ఒక్కొక్క ముడీ చేత్తో చుట్టి, పేక దారంతో బిగించి, పైన కత్తిరిస్తారు. పడుగు సాధారణంగా నూలు, ముడి ఊలుదో పట్టుదో. సరిగ్గా చూసుకుంటే ఇది మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది.

వీపు మీద గుడ్డ అంటించి ఉంటే అది టఫ్టెడ్. తుపాకీ లాంటి పరికరంతో ఊలుని గుడ్డలోంచి గుచ్చి, వెనక రబ్బరు జిగురు పూసి, మీద ఇంకో గుడ్డ అంటిస్తారు. ఇందులో ముడి లేదు, పోగుల్ని పట్టి ఉంచేది జిగురే. మన ఎండలకీ ఉక్కపోతకీ కొన్నేళ్లలో జిగురు ఎండి పొడి రాలుతుంది. తివాచీ ఎత్తినప్పుడు నేల మీద సన్నటి తెల్లపొడి కనిపిస్తోందా? అది బయట నుంచి వచ్చిన దుమ్ము కాదు. ఇందాక వాయిదా వేసిన తేడా ఇదే. అలాంటిదాని మీద రోలరు తిప్పితే పోగులు గుత్తులు గుత్తులుగా వస్తాయి. తక్కువ గాలితో పైపైన పీల్చడం ఒక్కటే దారి. అదీ ఎక్కువ కాలం కాదు, దాని ఆయుష్షు ఎప్పుడో నిర్ణయమైపోయింది.

బొచ్చు లేకుండా రెండు వైపులా ఒకేలా ఉంటే జంపఖానా. వరంగల్ కొత్తవాడ నేతగాళ్ల జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలుది కాబట్టి గట్టిదే కానీ పలచన. వాక్యూమ్ పెట్టగానే చేసే మొదటి పని, మూతిని అంటుకుని పైకి లేవడం. ఒక అంచు మీద కాలు వేసి తొక్కిపట్టి, రెండో వైపుకి పీల్చుకుంటూ పోవాలి. రోలరు తగిలితే మాత్రం అంచు లోపలికి చుట్టుకుపోయి, పేక పోగులు బయటికి వస్తాయి.

మరమగ్గం మీద పాలీప్రొపిలీన్‌తో నేసినవి చవకైనవి, మొండివి. వీటి మీద రోలరు వాడినా కొంప మునగదు. బొచ్చు కత్తిరించకుండా ఉంగరాలుగా వదిలేసిన రకం అయితే తప్ప. ఒక్క ఉంగరం పళ్లకి చిక్కితే వరస పొడుగునా లేచిపోతుంది. లేచిన పోగుని లాగకండి, కత్తెరతో మట్టానికి కత్తిరించండి.

'బ్యాంబూ సిల్క్', 'ఆర్ట్ సిల్క్' అని మెరిసేది ఒకటి ఉంది. అది విస్కోస్. తడిస్తే దాని బలం సుమారు సగానికి పడిపోతుంది, పొడిగా ఉన్నా పోగులు రాలుస్తూనే ఉంటుంది. నా అభిప్రాయం అడిగితే, పిల్లలూ వంటిల్లూ ఉన్న ఇంటికి అది రావాల్సింది కాదు. వచ్చేసింది కాబట్టి మెత్తటి బ్రష్షు మూతి, అతి తక్కువ గాలి.

యంత్రం పిడి దగ్గర చిన్న మూత

డబ్బా రకం వాక్యూమ్ క్లీనర్ గొట్టం మీద, చెయ్యి పట్టుకునే చోట, జరిపితే తెరుచుకునే ఒక చిన్న మూత ఉంటుంది. చాలామంది దాన్ని ఎప్పుడూ ముట్టుకోరు. అది అక్కడ ఉన్నదే తివాచీల కోసం, కర్టెన్ల కోసం. మూత తెరిస్తే కొంత గాలి అక్కడి నుంచే లోపలికి పోతుంది, మూతి దగ్గర లాగుడు తగ్గుతుంది. కార్డ్‌లెస్ వాటిలో ఇదే పని మీట చేస్తుంది, అన్నిటికన్నా తక్కువ వేగం ఎంచుకోవాలి.

ఎంత గాలి సరిపోతుందో తెలుసుకోవడానికి కొలతలు అక్కర్లేదు. మూతి తివాచీ మీద పెట్టి ముందుకు జరపండి. చెయ్యి సునాయాసంగా జరిగితే సరే. మూతి అతుక్కుపోయి తివాచీ దానితోపాటు లేస్తోంటే ఎక్కువైందని అర్థం.

తరవాతది దిశ. ముడివేసిన తివాచీలో బొచ్చు నిటారుగా నిలబడదు, ఒక వైపుకి వాలి ఉంటుంది. నేతగాడు ముడివేశాక పోగుని కిందికి లాగి తెంపుతాడు కాబట్టి, నేత మొదలైన అంచు వైపుకి వాలు ఉంటుంది. అరచేత్తో పొడుగునా రుద్ది చూడండి. పిల్లి వీపు నిమిరినట్టు ఒక వైపు నున్నగా, ఎదురు వైపు గరుగ్గా తగులుతుంది. నున్నటి వైపుకే పీల్చాలి. ఎదురు దిశలో అదేపనిగా లాగితే ముడి దగ్గర పోగు వంగి బలహీనపడుతుంది, రంగూ మాసినట్టు కనిపిస్తుంది.

నెమ్మదిగా చెయ్యాలి. మనకి వాక్యూమ్ అంటే ముందుకీ వెనక్కీ గబగబా తోమడం. అలా తోమితే పైనున్న వెంట్రుకలే వస్తాయి. ఇసుక అడుగు నుంచి లేచి బొచ్చు పొడుగునా పైకి రావడానికి కాస్త సమయం పడుతుంది. ఒకే చోట నాలుగుసార్లు వేగంగా తిప్పే బదులు ఒక్కసారి నిదానంగా జరిపితే ఎక్కువ ఇసుక వస్తుంది, తివాచీకి రాపిడి తగ్గుతుంది.

సంచి సగానికి మించి నిండితే లాగుడు పడిపోతుంది. అప్పుడు మనం గట్టిగా నొక్కుతాం. నొక్కడం దేనికీ మందు కాదు.

రోలరు ఉన్న యంత్రమే ఉంటే? ముందు దాన్ని ఆపే ఏర్పాటు ఉందేమో చూడాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో నిలువు వాక్యూమ్‌లు ఎక్కువ. వాటిలో 'బేర్ ఫ్లోర్' అని ఒక అమరిక ఉంటుంది. అది పెడితే చాలా మోడళ్లలో బ్రష్షు తిరగడం ఆగిపోతుంది, పీల్చడం ఉంటుంది. సూట్‌కేసులో మడిచి తీసుకెళ్లిన ఏలూరు తివాచీకి ఆ అమరికే రక్ష. ఆపే వీలు లేకపోతే ఆ తలకాయ తీసేసి, సోఫాల కోసం ఇచ్చిన వెడల్పు మూతి బిగించుకోవాలి. అది పెట్టెలోనే, ప్లాస్టిక్ కవరు విప్పకుండా ఉండి ఉంటుంది. వెతకండి.

ఎన్నాళ్లకోసారి? అందరూ తిరిగే హాల్లో వారానికోసారి, కాళ్లు ఎక్కువ పడే దారిలో మరోసారి. పడకగదిలో రెండు వారాలకి. గోడకి వేలాడదీసిన దానికి ఏడాదికి రెండుసార్లు, మూతి తాకీ తాకనట్టు. రోజూ పెట్టడం శుభ్రత కాదు, చాదస్తం.

కుచ్చుల జోలికి వెళ్లొద్దు

చేత్తో నేసిన తివాచీ రెండు చివర్లా వేలాడే కుచ్చులు అలంకారం కాదు. అవి మగ్గం మీద నుంచి కోసిన పడుగు దారాల కొసలే. తివాచీ పొడుగునా లోపలంతా పరుగెత్తే దారాలు అక్కడ బయటికి కనిపిస్తున్నాయి, అంతే. కుచ్చు తెగి, దాని మొదట్లో ఉన్న కట్టు విడిపోతే ఆ చివర పేక వదులవుతుంది, దాని వెంట ముడులు ఒక్కొక్క వరసా జారిపోవడం మొదలుపెడతాయి. మరమగ్గపు సరుకులో కుచ్చులు తరవాత కుట్టినవి, పోయినా ప్రాణం పోదు.

వాక్యూమ్ ఎంత సాధుజంతువైనా కుచ్చుల మీదికి పోనివ్వకూడదు. కుచ్చుకి జానెడు ముందే ఆపి, మూతిని పైకెత్తాలి. చివరి అంచుని అడ్డంగా, అంటే కుచ్చులకి సమాంతరంగా పీల్చాలి. కుచ్చుల్ని చేత్తో విదిలిస్తే చాలు, మరీ మట్టిగా ఉంటే గొట్టం మూతికి పలచటి వలగుడ్డ రబ్బరుబ్యాండుతో కట్టి పీల్చవచ్చు.

రోబోకి ఈ మర్యాద తెలియదు. దాని రోలరు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, కుచ్చు అందితే చుట్టేసుకుంటుంది, చిక్కుకుని అరుస్తుంది. ఫోన్ యాప్‌లో తివాచీ చుట్టూ గీత గీసి అటు రానివ్వకుండా చెయ్యవచ్చు. లేదా అది బయల్దేరే ముందు కుచ్చుల్ని కిందికి మడిచి పెట్టాలి. ముదురు నలుపు తివాచీ ఉన్నవాళ్లు మాత్రం ఒకోసారి నవ్వుకుంటారు. రోబో పొట్ట కింద మెట్లు పసిగట్టే సెన్సర్లు వెలుతురు తిరిగి వస్తుందా లేదా అని చూస్తాయి. నలుపు వెలుతురుని మింగేస్తుంది కాబట్టి, అక్కడ గొయ్యి ఉందనుకుని రోబో వెనక్కి తిరిగిపోతుంది. ఖరీదైన తివాచీకి అంతకంటే మంచి కాపలా ఏముంది!

మ్యూజియం వాళ్లు ఏం చేస్తారు

శతాబ్దాల నాటి వస్త్రాల్ని కాపాడే మ్యూజియాల్లో కూడా వాక్యూమ్ వాడతారు. ఈ మాట విని చాలామంది ఆశ్చర్యపోతారు. వాళ్లు ఉతకడానికి భయపడతారు, పీల్చడానికి భయపడరు. ఉతికితే వెనక్కి తీసుకోలేని మార్పులు జరుగుతాయి: రంగు కారుతుంది, నూలు కుంచించుకుపోతుంది. తక్కువ గాలితో పీలిస్తే మట్టి తప్ప ఇంకేమీ పోదు.

పద్ధతి తేలికే. గాలి వేగం తగ్గించగల యంత్రం, బయటికి వదిలే గాలిలో దుమ్ము లేకుండా హెపా ఫిల్టరు. ప్లాస్టిక్ జల్లెడ లాంటి వలని అంచులు కుట్టి వస్త్రం మీద పరుస్తారు. వల మీద నుంచే పీలుస్తారు. వదులు పోగు ఏదైనా లేస్తే వల ఆపుతుంది. మన ఇంట్లో తాతగారి కాలం నాటి తివాచీ, పోగులు పలచబడ్డది, ఉంటే ఇదే చెయ్యవచ్చు. కిటికీలకి కొట్టే దోమల వల ముక్క కొని, కొసలు గుచ్చుకోకుండా చుట్టూ నాడా కుట్టించుకుంటే సరి.

ఇక వీపు. ముడివేసిన తివాచీలో అడుగున కూర్చున్న ఇసుకని ముందు నుంచి ఎంత పీల్చినా కొంత మిగులుతుంది. దసరాకో సంక్రాంతికో ఇల్లు దులిపేటప్పుడు తివాచీని బోర్లా వెయ్యండి. వీపు మీద వాక్యూమ్ మూతిని నిదానంగా నడిపించండి, లేదా అరచేత్తో మెల్లగా తట్టుకుంటూ పోండి. ఎత్తి చూస్తే నేల మీద ఇసుక పరుచుకుని ఉంటుంది. ఊడ్చేసి మళ్లీ చెయ్యండి. రెండు మూడుసార్లయ్యాక రాలడం తగ్గుతుంది. అప్పుడు తిరగేసి ముందు వైపు పీల్చాలి. జిగురు వీపున్న టఫ్టెడ్‌కి మాత్రం ఇది పనికిరాదు.

ఇద్దరు చెరో చివరా పట్టుకుని ఝాడించడం, తీగ మీద వేసి కర్రతో బాదడం మన పెద్దల పద్ధతి. కొత్త జంపఖానాకి ఫర్వాలేదు. ముడివేసిన తివాచీని ఝాడిస్తే ఆ విసురంతా చివరి పేక దారాల మీద పడుతుంది, కుచ్చుల దగ్గర కట్టు తెగుతుంది. ఎప్పుడో నీళ్లు తగిలి లోపల మగ్గిన పడుగు ఉంటే కర్ర దెబ్బకి పుటుక్కున తెగుతుంది, ఆ తెగుడు బయటికి కనిపించదు కూడా. ఒకరోజు కాలు వేసినప్పుడు చినుగుతుంది.

సోఫా కింద జాగా

ఇసుక తరవాత ఊలుకి శత్రువు పురుగు. బట్టల చిమ్మట, కార్పెట్ బీటిల్ అనే చిన్న పెంకుపురుగు, వీటి పిల్లపురుగులు కెరాటిన్ తిని బతుకుతాయి. రెక్కలొచ్చిన చిమ్మట ఊలు తినదు, గుడ్లు పెట్టిపోతుంది. వాటికి కావలసింది చీకటి, కదలిక లేని చోటు. హాలు మధ్యలో రోజూ కాళ్లు పడే చోట అవి చేరవు. సోఫా కిందికి పోయిన భాగం, మంచం కాళ్ల చుట్టూ, చుట్టి అటక మీద పెట్టిన తివాచీ లోపలి పొరలు వాటికి ఇష్టం. మనం వాక్యూమ్ పెట్టేది సరిగ్గా కనిపించే భాగానికే!

నెలకోసారి సోఫా జరిపి ఆ భాగం పీల్చాలి, ముందూ వెనకా. పురుగు ఉందని అనుమానం వస్తే పని అయిన వెంటనే సంచి ఇంటి బయట ఖాళీ చెయ్యాలి, లేకపోతే గుడ్లు యంత్రం లోపలే పొదుగుతాయి. తివాచీని అప్పుడప్పుడూ అటుదిటు తిప్పి వేస్తే చీకటి భాగం వెలుగులోకి వస్తుంది, నడక అరుగుదల కూడా ఒకే చోట పడదు. దాచేటప్పుడు మడవకూడదు, చుట్టాలి. చుట్టే ముందు రెండు వైపులా పీల్చాలి. నాఫ్తలీన్ ఉండలు చల్లి నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. పిల్లలున్న ఇంట్లో అది మంచిది కాదు, మురికి తివాచీలో అది పెద్దగా కాపాడదు కూడా.

కుంకుమ పడితే

పేరంటం రోజున తివాచీ మీద కుంకుమ భరిణె దొర్లుతుంది. వెంటనే ఎవరో ఒకరు, "తడిగుడ్డ తీసుకురా అమ్మాయ్!" అంటారు. ఆ గుడ్డ రాకముందే ఆపాలి. పొడిగా ఉన్నంతసేపూ కుంకుమ, పసుపు, ముగ్గుపిండి అన్నీ దుమ్మే. తడి తగిలాకే రంగు అవుతాయి. గొట్టానికి బ్రష్షూ గట్రా తీసేసి, ఉత్త మూతిని పొడికి వేలెడు ఎత్తులో పట్టుకుని, ఆనించకుండా పీల్చాలి. రుద్దితే పొడి బొచ్చులోకి దిగుతుంది. పైది పోయాక తివాచీ మూల ఎత్తి వెనక నుంచి తట్టి, మళ్లీ పీల్చాలి. చివర ఏమైనా మిగిలితే అప్పుడు ఆలోచించవచ్చు.

కాఫీ ఒలికితే మాత్రం వాక్యూమ్ దగ్గరికి తీసుకురావద్దు. మామూలు యంత్రం తడి పీలిస్తే మోటారు కాలుతుంది, షాక్ కొట్టే ప్రమాదం ఉంది. పొడి గుడ్డతో అద్దాలి, తుడవకూడదు.

వంటసోడా చల్లి, కాసేపుంచి వాక్యూమ్ చేస్తే వాసనంతా పోతుందని వీడియోల్లో చెబుతుంటారు. మరమగ్గపు సింథటిక్‌కి చేసుకోండి. ఊలుకి, పట్టుకి వద్దు. ఆ సన్నటి పొడి పూర్తిగా వెనక్కి రాదు, కొంత ముడుల దగ్గర ఉండిపోతుంది. క్షారగుణం ఊలుకి పడదు. యంత్రం ఫిల్టరు కూడా మూసుకుపోతుంది.

ఎప్పుడు ఉతికించాలి

వాక్యూమ్ ఎంత బాగా పెట్టినా కొన్నేళ్లకి ఒకసారి ఉతికించక తప్పదు. కాళ్ల జిడ్డుకి అంటుకున్న ధూళిని గాలి లాగలేదు. మూల తిరగేసి వేళ్లతో తట్టినప్పుడు, శుభ్రంగా పీల్చిన మర్నాడు కూడా ధూళి లేస్తోంటే, బొచ్చు విప్పి చూసినప్పుడు మొదట్లో రంగు బూడిదగా కనిపిస్తుంటే, వేళయిందన్నమాట.

ఇచ్చే ముందు తెల్లగుడ్డ కాస్త తడిపి ఒక్కొక్క రంగు మీదా అద్ది చూసుకోండి, ముఖ్యంగా ఎరుపు మీద. రంగు అంటుకుంటే ఆ సంగతి ఉతికేవాళ్లకి ముందే చెప్పాలి. వాళ్లని రెండు ప్రశ్నలు అడగండి: ఉతికే ముందు ఇసుక ఎలా తీస్తారు, ఎక్కడ ఎలా ఆరేస్తారు. పొడి ఇసుక తియ్యకుండా నేరుగా నీళ్లు పోసేవాళ్లకి ఇవ్వకండి, అది బురదై ముడుల్లో గడ్డకడుతుంది. ఆరేయడం అన్నిటికన్నా ముఖ్యం. పైన ఊలు ఆరినట్టే ఉంటుంది, లోపల నూలు పడుగు చెమ్మగానే ఉంటుంది, అది మగ్గితే బూజు పడుతుంది. అందుకే శ్రావణ భాద్రపదాల్లో, వానలు పడే రోజుల్లో ఇవ్వడం అంత మంచిది కాదు. దీపావళి వెళ్లాక, గాలి పొడిబారాక ఇచ్చుకోండి. తిరిగి వచ్చాక వెంటనే నేల మీద పరవకుండా, రెండు కుర్చీల వీపుల మీద ఒకరోజు ఫ్యాన్ కింద ఉంచి, మర్నాడు వీపు మీద చెయ్యి పెట్టి చల్లగా తగలడం లేదని చూసుకుని వేసుకోవచ్చు.